చెక్కపెట్టె వెడల్పు

గుమ్మం నుంచి గుమ్మం దాకా అని ఆ షిప్పింగ్ కంపెనీ వాళ్లు నున్నటి రంగుల కాగితం మీద అచ్చు వేయించుకున్నారు. కాగితం మీద ఒక ఓడ, ఒక లారీ, టై కట్టుకుని నవ్వుతున్న ఒక మనిషి. ఎంత పెద్ద వస్తువైనా, ఎంత బరువైనా, ఏ దేశం నుంచైనా తెచ్చి మీ గుమ్మంలో దింపుతామని రాశారు. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. ఫోన్ నెంబరు తప్ప దాంట్లో ఒక్క అంకె లేదు. బరువులు మోయడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ఎన్ని టన్నులు, ఎన్ని మీటర్లు అని ఒక్క ముక్క రాయకపోవడం చూసినప్పుడే నేను వాళ్లను అంచనా వేసి ఉండాల్సింది. వేయలేదు. టై చూసి గౌరవించాను.

అప్పుడు నేను ఖమ్మంలో, గ్రానైటు రాళ్లు మోసే ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేసేవాణ్ణి. పదో తరగతి లెక్కల్లోనే తప్పిన మనిషిని. తర్వాత నేర్చుకున్నదంతా క్వారీలో, టేపు పట్టుకుని నేర్చుకున్నదే. వంకర రాయికి ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి, పగులు ఎంత తీసేయాలి, ఇంత రాయి ఎంత బరువు తూగుతుంది, ఏ మలుపులో బండి తోక ఎంత లోపలికి కోసుకుంటూ వస్తుంది, ఇవన్నీ నాకు నోటికి వచ్చు. ఇంజనీర్లు కాగితం మీద పావుగంటలో తేల్చేది నేను నడుచుకుంటూ తేల్చేవాణ్ణి. ఈ ముక్క గొప్పకు చెప్పడం లేదు. గొప్ప చెప్పుకోవడానికి ఈ కథలో నాకు పెద్దగా ఏమీ మిగల్లేదు.

రెండు వేల ఆరో, ఏడో అయి ఉండాలి. తల్లాడ దాటి అడవి అంచున ఒక పెద్దమనిషి రాయి కోసే ఫ్యాక్టరీ పెట్టాడు. పెద్ద రాయిని ఒకేసారి డెబ్బై ఎనభై పలకలుగా కోసే యంత్రాన్ని సముద్రం అవతల నుంచి తెప్పించాడు. దాని ఇనుప చట్రం విప్పితే మళ్లీ సరిగ్గా కూర్చోదని, ఒకటే ముక్కగా పంపారు. చెక్కపెట్టెలో ప్యాక్ చేసిన కొలత: పొడవు ఏడు మీటర్ల ఇరవై, వెడల్పు ఐదు మీటర్ల అరవై, బరువు ముప్పై ఒక్క టన్నులు. అక్కడి గుమ్మం నుంచి ఇక్కడి గుమ్మం దాకా బాధ్యత షిప్పింగ్ కంపెనీది. విశాఖ రేవు నుంచి ఫ్యాక్టరీ దాకా ట్రైలరు మాది. రెంటి మధ్య కోఆర్డినేటర్ అని ఒక అధికారిని షిప్పింగ్ కంపెనీ వాళ్లు తమ హైదరాబాదు ఆఫీసు నుంచి పంపారు.

బండి రాక ముందు దారి కొలవడానికి ఆ కంపెనీ ఇంజనీర్లు ఇద్దరు ఏసీ కారులో వచ్చారు. కారు దిగితే ఎండ కాబట్టి, అద్దం దించి, చేతిలో ఎర్ర చుక్క వేసే కొత్త పరికరంతో చెట్లనూ తీగలనూ కొలిచారు. దారి పొడవునా ఇరవై రెండు అడ్డంకులు రాసుకున్నారు. ఇరవై ఒకటి కరెంటు తీగలు, కొమ్మలు, ఊరి పేర్ల బోర్డులు. పద్నాలుగో నెంబరు ఒక్కటే ఇల్లు.

ఆ ఇల్లు ఫ్యాక్టరీకి ఇవతల, అడవి దారి వంకర తిరిగే చోట ఉంది. వెదురు తడికల మీద మట్టి మెత్తిన కోయవాళ్ల ఇల్లు, గడ్డి కప్పు. దారికి కుడివైపున ఇల్లు, ఎడమవైపున ఏనుగంత రాతి గుట్ట. రెంటి మధ్య నుంచి బండి పోవాలి. పోదు. గుట్ట చెక్కాలా, ఇల్లు తీయాలా అని ఇంజనీర్లు ఆలోచించారట. గుట్ట రిజర్వు అడవిలో ఉంది, దాన్ని ముట్టుకోవాలంటే నాలుగు ఆఫీసుల సంతకాలు, ఎన్ని నెలలో తెలియదు. ఇంటికి పట్టా లేదు. కాబట్టి ఇంటికి ఏ సంతకమూ అక్కర్లేదు. రాయికి అనుమతి కావాలి, మనుషులుండే ఇంటికి అక్కర్లేదని రిపోర్టులో నాలుగు పేజీలు తిప్పి తిప్పి రాశారు. నేను ఒక్క వాక్యంలో రాశాను, అంతే తేడా. పనివాడి చేత తడిక గోడ మీద ఎర్ర ఆయిల్ పెయింటుతో సున్నా గీయించి, లోపల పద్నాలుగు వేయించి వెళ్లిపోయారు. ఇంట్లోవాళ్లకు ఏమీ చెప్పలేదు. కారు దిగలేదు కదా.

బండి వచ్చే ముందు ఆఖరుసారి దారి చూసి రమ్మని మా ఆఫీసు నన్ను పంపింది. ఖమ్మం ఖానాపురం హవేలిలో మా ఇంటి దగ్గర షేర్ ఆటో ఎక్కి, బస్సు మారి, చివరికి ఎవరిదో మోటారు సైకిలు మీద ఆ మలుపు దగ్గర దిగాను. ఆ ఇంట్లో ఉండేది నా వయసు ఆడమనిషి. భర్త మిరపకోతల కూలికి పోయాడు. ఆమె గోడకు సున్నం పూస్తోంది. గోడంతా తెల్లగా పూసి, ఎర్ర సున్నా దగ్గరికి వచ్చేసరికి గుడ్డ మడిచి, వేలితో అంచులు తుడుస్తూ, గీతకు చుక్క సున్నం తగలకుండా పూస్తోంది.

నన్ను చూసి, మంచి ఇల్లు రాసిండ్రు సారూ, స్లాబు ఇల్లే గద, అని అడిగింది. ఎప్పుడు కట్టిస్తరు అని కూడా అడిగింది. నేను ఏదో గొణిగాను. ఆమె మంచినీళ్లు ఇచ్చింది. తాగాను. టేపు పట్టి గుట్టకూ ఇంటికీ మధ్య కొలిచాను. గోడ దగ్గర కాదు, చూరు దగ్గర కొలిచాను, ఎందుకంటే బండి మీది సరుకు చూరు ఎత్తులోనే పోతుంది. ఐదు మీటర్ల ముప్పై రెండు. చూరు బయటికి వచ్చింది జానెడే కాబట్టి గడ్డి కోసినా పని జరగదు. అంకె రాసుకుని, ఆమెకు నిజం చెప్పకుండా వచ్చేశాను. చెప్పాల్సింది అధికారులు కదా అని బస్సులో నాకు నేనే చెప్పుకున్నాను. ఇట్లాంటి మాటలు బస్సులో బాగా తోస్తాయి.

వారం తర్వాత బండి తల్లాడ చేరింది. అదే రోజు కోఆర్డినేటర్ ప్రొక్లెయిన్ వెంటబెట్టుకుని ఇల్లు తీయించడానికి బయల్దేరాడు. నన్ను కూడా కారులో ఎక్కించుకున్నాడు. మలుపు దగ్గర దిగి చూస్తే, గూడెంలో ఉన్న ఏడు ఇళ్లకూ ఎర్ర సున్నాలున్నాయి. ఏడింటి లోపలా పద్నాలుగే. ఒకరు నాలుగును అటుది ఇటు తిప్పి రాశారు.

జరిగింది నాకు చూడగానే తెలిసింది. ఒక ఇంటికి నెంబరు వేసి మిగతా ఆరింటికి వేయకుండా పోయారంటే మరిచిపోయి ఉంటారని, సర్కారు ఇల్లు తమకు రాకుండా పోతుందని, ఆ ఆరిళ్లవాళ్లు ఎర్రమట్టి జాజు కలుపుకుని, మొదటి గుర్తును చూసి, ఎవరి గోడ మీద వాళ్లు దించుకున్నారు. ఆయిల్ పెయింటుకూ జాజుకూ తేడా గోరుతో గీకితే తెలుస్తుంది. పైగా ఆ ఆరిళ్లలో ఒక్కటీ దారి పక్కన లేదు. దగ్గరిది ముప్పై అడుగుల అవతల ఉంది. ముప్పై అడుగుల అవతలి ఇల్లు బండికి అడ్డమెట్లా అవుతుందని కోఆర్డినేటర్ ఆలోచిస్తాడేమో అని చూశాను. ఆయన రిపోర్టు తీసి చూసుకున్నాడు. ఒకటి. ఎదురుగా ఏడు. మళ్లీ రిపోర్టు చూసుకున్నాడు. ఇంకో టీమ్ వచ్చి రివిజన్ చేసిందా అని నన్నడిగాడు. నాకు తెలియదన్నాను. నిజం చెప్పి ఉంటే ఆ మధ్యాహ్నమే మొదటి ఇల్లు నేలమట్టమయ్యేది. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క మంచిపని అజ్ఞానం నటించడం. ఆఫీసర్ల మధ్య ఏళ్ల తరబడి తిరిగినవాడికి అదేం కష్టం కాదు.

ఆయన సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి హైదరాబాదుకు ఫోన్ చేశాడు. తనిఖీ అయ్యేదాకా రెండు రోజులు ఏదీ ముట్టుకోవద్దని వాళ్లు చెప్పారు. ప్రొక్లెయిన్ వెనక్కి తిరిగింది. బండికి ఇచ్చిన రోడ్డు అనుమతి మూడో రోజుతో తీరిపోతుంది.

తల్లాడ తిరిగి వచ్చి, ఆగి ఉన్న ట్రైలరు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. సరుకు కాగితాల్లో ఇంగ్లీషు నాకు కొంతే అర్థమవుతుంది కానీ అంకెలకు భాష లేదు. పెట్టెతో బరువు ముప్పై ఒక్క వేల కిలోలు. ఇనుము ఒక్కటే ఇరవై ఏడు వేల తొమ్మిది వందలు. తేడా మూడు వేల వంద. అంటే అంత చెక్క వాడారు. ఆ చెక్క తేలిక రకం, ఘనమీటరు ఐదు వందల కిలోలకు మించదు. ఆరు ఘనమీటర్ల చెక్కను ఒక్క పెట్టెకు వాడారంటే గోడలు పలక మందాన ఉండవు. లోపల దూలాలు, దూలాలకు ఇనుముకూ మధ్య ఖాళీ, అన్నీ ఉండాలి. సముద్రం మీద అలలకు కొట్టుకోకుండా అట్లా చేస్తారు. తల్లాడ దగ్గర అలలెక్కడివి?

డ్రైవరు తల్లాడ మనిషే, పాతికేళ్లుగా ట్రైలర్లు నడుపుతున్నాడు. ఆయన విరిగిన గొడుగులోంచి ఒక కమ్మి పీకి ఇచ్చాడు. పలకల సందులోంచి దాన్ని లోపలికి తోశాను. ముప్పై ఏడు సెంటీమీటర్లు పోయాక ఇనుముకు తగిలింది. రెండో వైపూ అంతే. అంటే ఇనుము వెడల్పు నాలుగు మీటర్ల ఎనభై ఆరు. దారి ఐదు ముప్పై రెండు. మిగిలేది నలభై ఆరు. ఆ వంకరలో బండి ముప్పై కోసుకుంటుంది. ఇంకా పదహారు. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. నా అరచేయి వెడల్పు. పెట్టె విప్పితే ఇల్లు ముట్టుకోనక్కర్లేదు.

కోఆర్డినేటర్ లాడ్జి గదిలో భోంచేస్తున్నాడు. నిలబడే చెప్పాను. ఆయన అన్నం కలుపుతూనే విన్నాడు.

"పెట్టె ఎట్లా విప్పుతారయ్యా? సీలు ఉంది. కొన్నవాళ్ల ఆవరణలో, వాళ్లూ మేమూ ఇద్దరం ఉండగానే విప్పాలి. ఒప్పందంలో పదకొండో క్లాజు."

"మరి ఇల్లు పడగొట్టొచ్చా సార్?"

"ఇంటి గురించి క్లాజు లేదు."

వెటకారంగా అనలేదు. చాలా బాధ్యతగా అన్నాడు. అందుకే ఇప్పటికీ గుర్తుంది. బయటికి వచ్చి డ్రైవరుకు చెబితే ఆయన బీడీ ఆర్పి, "పెట్టెకు ఇన్సూరెన్స్ చేసిండ్రు గదన్నా, ఇంటికి ఎవలు చేసిండ్రు? గందుకే పెట్టె మీద గంత ప్రేమ," అన్నాడు.

మర్నాడు పొద్దున డ్రైవరూ నేనూ మలుపుకు వెళ్లాం. తాడు పట్టి, సున్నంతో దారి మీద చక్రాల గీతలు వేశాం. చూరు నుంచి తూకం గుండు వేలాడదీసి మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఐదు ముప్పై రెండే. ఆమె గడపలో నిలబడి చూస్తోంది. ఇల్లు కట్టడానికే కొలుస్తున్నామనుకుని, చూరు కింద ఆరబోసిన ఇప్పపువ్వు చాప పక్కకు లాగి చోటిచ్చింది. ఇక తప్పించుకోవడం కుదరలేదు. ఆ నెంబరు ఇల్లు ఇచ్చేది కాదని, తీసేసేదని చెప్పాను.

ఆమె వెంటనే నమ్మలేదు. "మునుపు మా గుడిసె పీకినోళ్లు నెంబరెయ్యలే సారూ. వచ్చిండ్రు, పీకిండ్రు, పోయిండ్రు. నెంబరేసినోళ్లు ఏదో ఒకటి ఇచ్చే పోయిండ్రు. చుక్కలోళ్లు నెంబరేసి పిల్లలకు చుక్కలేసిండ్రు. ఓటోళ్లు నెంబరేసి చీటీ ఇచ్చిండ్రు. దోమలమందోళ్లు నెంబరేసి మందు కొట్టిండ్రు. పీకేదానికి నెంబరెందుకు?"

ఆమె లెక్కలో నాకు తప్పు దొరకలేదు.

ఆమె నా చేతిలోని టేపు చూసి, "మొన్నొచ్చినప్పుడు నీకెరికేనా?" అని అడిగింది.

"ఎరికే అక్కా."

"ఎరికుండే నీళ్లు తాగినవు."

డ్రైవరు అటు తిరిగి సున్నం గీత సరిచేయడం మొదలుపెట్టాడు. సరిచేయాల్సిందేమీ లేదు. నేను నా ఎనిమిది సెంటీమీటర్ల సంగతి చెప్పాను, పెట్టె విప్పనిస్తే ఇల్లు మిగులుతుందని చెప్పాను. విప్పనివ్వకపోతే అని అడిగితే, ఏమవుతుందో నాకు తెలియదన్నాను. ఈసారి అది నటన కాదు. కాసేపటికి మిగతా ఆరిళ్లవాళ్లు గబగబా తడిగుడ్డలు పట్టుకుని గోడలు తుడుచుకోవడం కనపడింది. ఈమె గుర్తు తుడిస్తే పోయేది కాదు.

తుడిచిన మాట కోఆర్డినేటర్‌కు చేరేలోగా నేనే ఆయన దగ్గరికి వెళ్లాను. ఈసారి న్యాయం మాట్లాడలేదు. అనుమతి రేపటితో అయిపోతుందని, ఏడిళ్ల తనిఖీకి హైదరాబాదు వారం తీసుకుంటుందని, అప్పటిదాకా బండి రోడ్డు మీద ఉంటే జవాబు చెప్పాల్సింది ఎవరని అడిగాను. తన పేరు జవాబులో వస్తుందని తెలిశాక ఆయన బుర్ర చురుగ్గా పనిచేసింది. ఉపాయం ఆయనే చెప్పాడు. సీలు తెగకుండా, అది వేసిన పలకను అట్లాగే ఊడదీసి పక్కన పెట్టి, పెట్టె విప్పాలి. పలకలు వెనక లారీలో రావాలి. మలుపు దాటాక, ఫ్యాక్టరీ గేటుకు ఇవతలే, పెట్టెను మళ్లీ యథాతథంగా బిగించాలి. అప్పుడు పెట్టె మూసినట్టుగానే గుమ్మం చేరుతుంది. పదకొండో క్లాజుకు భంగం లేదు.

మర్నాడు పొద్దున్నే వడ్రంగులు పలకలు విప్పారు. పదింటికి బండి మలుపు దగ్గరికి వచ్చింది. ఆమెను బయటికి రమ్మన్నాం. రానంది. "తగిలితే ముందు నాకే తెలుస్తది," అని లోపల, దారివైపు గోడకు వీపు ఆనించి కూర్చుంది. గూడెం వాళ్లు అవతల నిలబడ్డారు. కోఆర్డినేటర్ కారులోనే ఉన్నాడు, అద్దం ఎత్తి.

డ్రైవరు మొదటి గేరులో, మనిషి నడక కంటే మెల్లగా కదిలించాడు. వెనక చక్రాలను ఇద్దరు విడిగా తిప్పుతున్నారు. నేను చూరు పక్కన, గడ్డికీ ఇనుముకూ మధ్య అరచేయి నిలువుగా పెట్టి వెనక్కి నడిచాను. చేయి రెండు వైపులా దేనికీ తగలకుండా పోతే లెక్క సరిపోయినట్టు. సగం మలుపులో మధ్యవేలు కణుపుకు ఇనుము రాసుకుంది. ఆగమని అరిచాను. వెనక చక్రం నాలుగు వేళ్లు అటు తిప్పారు. మళ్లీ కదిలింది. గడ్డి పోచలు రెండు ఇనుముకు తగిలి వంగి, అది దాటాక లేచాయి. మలుపు దాటడానికి ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఆమె బయటికి వచ్చి చూరు తడిమి చూసుకుంది. నావైపు చూడలేదు. ఇప్పపువ్వు చాప తిరిగి పాత చోటికి లాక్కుంది.

ఆ తర్వాత జరిగింది నేను ఎవరికి చెప్పినా నమ్మరు. ఫ్యాక్టరీ గేటుకు నాలుగు వందల మీటర్ల ఇవతల బండి ఆపి, వడ్రంగులు ఎర్రటి ఎండలో నాలుగు గంటలసేపు ముప్పై ఒక్క టన్నుల పెట్టెను మళ్లీ పెట్టెగా చేశారు. పైవైపు చూపించే బాణం గుర్తున్న పలకను తొందరలో తలకిందులుగా కొట్టారు. అక్కడి నుంచి గేటు దాకా పదకొండు నిమిషాలు. గేటులో ఓనరు కొబ్బరికాయ కొట్టాడు. ఇద్దరి సమక్షంలో సీలు తెంపి, అదే వడ్రంగులు, అదే మేకులు, నలభై నిమిషాల్లో మళ్లీ విప్పారు. ఫొటోలు తీశారు. ఫొటోలో కోఆర్డినేటర్ నవ్వుతున్నాడు, బాణం నేలను చూపిస్తోంది. ప్రపంచంలో ఏ మూల నుంచైనా ఏ మూలకైనా వస్తువును మోయగలిగిన వాళ్లు ఆ రోజు మోసింది వాళ్ల క్లాజునని నాకనిపించింది.

ఇంతటితో అయిపోతే బాగుండేది. నెల తర్వాత కోఆర్డినేటర్ మా ఆఫీసుకు ఒక కాగితం పంపాడు. పెట్టె విప్పలేదని ఆయన రిపోర్టు రాశాడు. పెట్టె విప్పకపోతే ఆ మలుపులో బండి ఎట్లా దాటిందని పైవాళ్లు అడిగారు. పద్నాలుగో అడ్డంకిని తొలగించామని రాశాడు. అయితే ఇంటి యజమాని సమ్మతి ఏదీ అని అడిగారు. దానికీ ఒక కాగితం తయారుచేసి, దాని మీద ఆమె వేలిముద్ర వేయించుకు రమ్మని, దారి తెలిసినవాణ్ణి కాబట్టి నన్ను పొమ్మన్నాడు.

ఇంకు డబ్బా జేబులో వేసుకుని పోయాను. పోను అని ఆఫీసులో చెప్పే ధైర్యం నాకు లేదు, అది కూడా రాయాలి. ఆమె ఇంటి ముందు తునికాకు కట్టలు కడుతోంది. ఈసారి నీళ్లు ఇవ్వలేదు. నేనూ అడగలేదు. కాగితం తెలుగులో చదివి వినిపించాను.

"ఇల్లు తీసేసినమని రాసిండ్రా?"

"అవ్."

"నేనొప్పుకున్ననని రాసిండ్రా?"

"అవ్."

"ఏలు పెడితే ఏమైతది?"

ఈసారి గొణగలేదు. "రేపు ఎవరన్నా వచ్చి ఇక్కడ ఇల్లే లేదంటే, అవునని నువ్వే ముందు చెప్పినట్టయితది," అన్నాను.

ఆమె నావైపు చూసింది. బొటనవేలిని మిగతా వేళ్లతో గట్టిగా మూసి, పిడికిలి ఒళ్లో పెట్టుకుంది. నేను ఇంకు డబ్బా మూత తీయలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, బస్సు వచ్చేదాకా దారి అవతల గుట్ట నీడలో కూర్చున్నాను.

ఖమ్మం చేరాక కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి, ఆ ఇంటామె దొరకలేదని చెప్పాను. ఎందుకు దొరకలేదని అడిగాడు.

"ఇల్లు తీసేశామని మీరే రాశారు గద సార్. లేని ఇంట్ల మనిషి ఎట్ల దొరుకుతది?"

తిడతాడని ఎదురుచూశాను. ఆయనకు ఆ మాట సబబుగానే తోచినట్టుంది. యజమాని ఆచూకీ లభ్యం కాలేదని రాసేయమని పక్కనున్న గుమాస్తాకు చెప్పి, నాకు థాంక్స్ అని ఫోన్ పెట్టేశాడు.